మెస్సీయ వచ్చాడంటే ఏం వచ్చినట్టు?

నిదానం
క్రైస్తవులు యేసును మెస్సీయ అంటారు, అది అందరికీ తెలిసిందే. నా సందేహం దాని తర్వాతది. యెషయా 2వ అధ్యాయంలో ఖడ్గాలను నాగటి నక్కులుగా సాగగొడతారని ఉంది. 11లో తోడేలు గొర్రెపిల్లతో కలిసి ఉంటుందని ఉంది. దావీదు వంశపు రాజు వచ్చే రోజులు ఇలా ఉంటాయని యూదులు తరతరాలుగా ఎదురుచూశారు. యేసు పుట్టి రెండు వేల ఏళ్లు దాటింది. యుద్ధాలు ఆగలేదు, తోడేళ్లూ మారలేదు. మరి మెస్సీయ 'వచ్చేశాడు' అని ఏ లెక్కన అంటున్నారు?

ఒక మనవి. 'ఈ ప్రవచనం ఇక్కడ నెరవేరింది, ఆ ప్రవచనం అక్కడ నెరవేరింది' అనే పట్టిక పెట్టకండి. అవి చాలా చూశాను. లోపల పనిచేసే తర్కం ఏంటో చెప్పండి.

పాతమెట్లు
మంచి ప్రశ్న. కానీ మొదట్లోనే ఒక పేచీ ఉంది. 'యూదులు ఎదురుచూసిన మెస్సీయ' అని ఒకే బొమ్మ ఏదీ లేదు. కాస్త వెనక్కి వెళ్దాం.

ఇశ్రాయేలులో తలమీద నూనె పోసి ఒకరిని పనికి నియమించేవారు. అలా నూనె పోయించుకున్నవాడే 'అభిషిక్తుడు'. హీబ్రూలో 'మెస్సీయ' అన్నా, గ్రీకులో 'క్రీస్తు' అన్నా అదే మాట. సమూయేలు సౌలుకి పోశాడు, తర్వాత దావీదుకి పోశాడు. అహరోను యాజకుడైంది కూడా అలాగే. తన స్థానంలో ఎలీషాను ప్రవక్తగా అభిషేకించమని ఏలీయాకి ఆజ్ఞ వచ్చింది. ఇంతవరకు 'అభిషిక్తుడు' అంటే కొలువులో ఉన్న మనిషి. లోకాంతంలో వచ్చే రక్షకుడు అనే ఊహ దాంట్లో లేదు. యెషయా 45లో ఆ మాట పారసీక రాజు కోరెషుకి వాడారు. ఆయన యూదుడే కాదు, యెహోవాను ఎరగనివాడని ఆ అధ్యాయమే చెబుతుంది.

మలుపు ఎక్కడ వచ్చిందంటే, 2 సమూయేలు 7లో నాతాను ప్రవక్త దావీదుకి ఒక మాట ఇస్తాడు: నీ సింహాసనం నిత్యం నిలుస్తుందని. క్రీస్తుపూర్వం 586లో బబులోను సైన్యం యెరూషలేమును నేలమట్టం చేసింది. సింహాసనం పోయింది. మాట మాత్రం గ్రంథంలో అలాగే ఉంది. దేవుడు మాట తప్పడు, కళ్లముందు రాజు లేడు. ఈ రెండూ కలిస్తే మిగిలేది భవిష్యత్తే. రాబోయే రాజు మీద ఆశ బలపడింది ఆ ఖాళీలోనే.

ఆ తర్వాత ఆ ఆశ ఎన్ని పాయలైందో చూడండి. క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలో పుట్టిన 'సొలొమోను కీర్తనలు' అనే గ్రంథంలో 17వ కీర్తన, అన్యజనులను యెరూషలేము నుంచి తరిమేసే దావీదు కుమారుడిని పంపమని ప్రార్థిస్తుంది. మృత సముద్రం ఒడ్డున కుమ్రాన్ గుహల్లో 1947 నుంచి దొరికిన పాత గ్రంథపు చుట్టల్లో అక్కడి ఒక యూదు సమాజపు నియమావళి ఉంది. అది ఒక ప్రవక్త రాక గురించి, 'అహరోను, ఇశ్రాయేలు అభిషిక్తుల' రాక గురించి మాట్లాడుతుంది. అంటే యాజకుడొకరు, రాజొకరు. దానియేలు 7లో మేఘాల మీద వచ్చే మనుష్యకుమారుడు మరో రకం. యేసు నాటికి ఇవన్నీ గాల్లో ఉన్నాయి. ఏది నెరవేరాలి అన్నదాని మీద అప్పుడే ఏకాభిప్రాయం లేదు.

ప్రశ్నార్థకం
బాగుంది. కానీ పాతమెట్లు గారూ, ఆ పాయలన్నిటిలోనూ ఒకటి ఉమ్మడిగా ఉంది కదా: వచ్చినవాడు గెలుస్తాడు. రోమా సైనికుల చేతిలో సిలువ మీద చనిపోయే మెస్సీయ ఏ పాయలో ఉన్నాడు?

పాతమెట్లు
అవును, అలాంటివాడి కోసం ఎదురుచూసినట్టు స్పష్టమైన ఆధారం యేసుకి ముందు లేదు. కొందరు చుట్టల్లోని తునకలు చూపించి ఉందంటారు. నాకైతే అవి సరిపోవు.

వెన్నెలదారి
నేను విశ్వాసిని, అది ముందే చెప్పేస్తున్నా. ప్రశ్నార్థకం గారు అడిగినదే మార్కు సువార్తకు నడిమధ్య కీలకం. 8వ అధ్యాయం, ఫిలిప్పుదైన కైసరయ ప్రాంతం. నేను ఎవరినని మీరు అనుకుంటున్నారు అని యేసు అడుగుతాడు. నీవు క్రీస్తువని శిష్యుడు పేతురు అంటాడు. సమాధానం సరైనదే. వెంటనే యేసు, మనుష్యకుమారుడు బాధలు పడాలి, పెద్దలు తోసిపుచ్చాలి, చంపబడాలి, మూడు దినాలైన తర్వాత లేవాలి అని చెబుతాడు. పేతురు ఆయన చేయి పట్టుకుని పక్కకి తీసుకెళ్లి గద్దిస్తాడు. అప్పుడు వినే మాట 'సాతానా, నా వెనుకకు పొమ్ము'.

మనం దీన్ని పేతురు తొందరపాటుగా చెప్పుకుని నవ్వుకుంటాం. పేతురు చేసింది అంత తెలివితక్కువ పని కాదు. తాను నేర్చుకున్న మెస్సీయ ఎవరో అతనికి తెలుసు. చావబోతున్నాను అంటున్న మనిషి ఆ మెస్సీయ కాలేడు. బిరుదు ఒప్పుకున్నాడు, దాని అర్థం మార్చేస్తుంటే తట్టుకోలేకపోయాడు.

యోహాను 6లోనూ ఇదే. రొట్టెలు తిన్న జనం ఆయన్ని బలవంతంగా రాజును చేయాలని చూస్తే ఒంటరిగా కొండ ఎక్కి వెళ్లిపోతాడు. రాజరికం వద్దన్నాడా అంటే కాదు. రోమా అధిపతి పిలాతు ముందు దాన్ని కాదనలేదు. వాళ్లు ఇవ్వజూపిన రకం రాజరికం వద్దన్నాడు.

నిదానం గారు అడిగిన తర్కానికి ఇక్కడే మొదలు. క్రైస్తవ విశ్వాసంలో మెస్సీయ ముందు ఎదుర్కోవాల్సిన శత్రువు రోమా కాదు, పాపం, మరణం. ఆ యుద్ధం జరిగిన చోటు సిలువ. గెలుపుకి గుర్తు పునరుత్థానం. ఆ కొలతతో చూస్తే వచ్చాడు, ముఖ్యమైన పని చేశాడు.

ప్రశ్నార్థకం
అంటే రోమాను ఓడించలేదు కాబట్టి శత్రువు రోమా కాదన్నారు. ఏమనుకోకండి, బయటనుంచి చూసేవాడికి ఇది ఫలితాలు వచ్చాక సిలబస్ మార్చినట్టు కనిపిస్తుంది.

చరిత్రలో ఇలాంటివి ఉన్నాయి. 132లో రోమా మీద తిరుగుబాటు లేవదీసిన బార్ కోఖ్బాను మెస్సీయ అని రబ్బీ (యూదు మతబోధకుడు) అకీవా అంతటివాడే అన్నాడని, రబ్బీల బోధల సంకలనమైన యెరూషలేము తల్మూదు చెబుతుంది. అకీవా, నీ దవడల మీద గడ్డి మొలుస్తుంది, దావీదు కుమారుడు మాత్రం అప్పటికీ రాడు అని ఇంకో రబ్బీ ఎగతాళి చేశాడు. 135లో అంతా ముగిసింది, నాయకుడు చచ్చాడు, ఆశ కూడా అతనితో పోయింది. ఇంకోవైపు 17వ శతాబ్దంలో మెస్సీయగా ముందుకొచ్చిన సబ్బతై జెవి. యూదు లోకమంతా ఊగిపోయింది. 1666లో ఒట్టోమన్ సుల్తాను ఎదుట ఇస్లాం తీసుకున్నాడు. చాలామంది తలదించుకున్నారు. కొందరు మాత్రం మెస్సీయ చీకట్లోకి దిగడం కూడా ప్రణాళికలో భాగమే అని కొత్త అర్థం చెప్పుకుని కొనసాగారు. ఓటమికి అర్థం వెతుక్కోవడం మనుషులకి అలవాటే. యేసు అనుచరులు చేసింది వేరే అని ఎలా చెప్పగలం?

పాతమెట్లు
సబ్బతై ఉదాహరణ గట్టిది, దాన్ని పక్కకి నెట్టలేం. రెండు మాటలు మాత్రం చెప్పాలి.

ఒకటి, అర్థం మార్చుకోవడానికి ఎన్నుకున్న దారి చాలా ఖరీదైనది. ద్వితీయోపదేశకాండం 21లో, మ్రానున వేలాడదీయబడినవాడు దేవుని శాపానికి గురైనవాడని ఉంది. సిలువ వేయబడిన క్రీస్తు యూదులకు ఆటంకం, అన్యజనులకు వెర్రితనం అని తొలితరం క్రైస్తవ బోధకుడు పౌలే ఒప్పుకుంటాడు, 1 కొరింథీయుల పత్రికలో. వంద ఏళ్ల తర్వాత కూడా ఇదే అడ్డంకి. 2వ శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ రాసిన సంవాదంలో త్రుఫో అనే యూదుడు, క్రీస్తు బాధపడతాడని లేఖనాల్లో ఉందంటే ఒప్పుకుంటాను, కానీ ధర్మశాస్త్రం శపించిన ఆ చావేమిటి అని అడుగుతాడు. అనుచరులకి ఇంకా తేలికైన దారులున్నాయి. గొప్ప ప్రవక్త, హతసాక్షి అనుకుని గౌరవించవచ్చు. బాప్తిస్మమిచ్చు యోహానుని అలాగే తలచుకున్నారు. మెస్సీయ బిరుదే వదలకుండా పట్టుకోవడం వింతే.

రెండోది, వేగం. పౌలు 50లలో రాసిన పత్రికల్లో 'క్రీస్తు' దాదాపు పేరులో భాగమైపోయింది. 'క్రీస్తు లేఖనముల ప్రకారము మన పాపముల నిమిత్తము మృతిపొందెను' అనే మాట తనకి ముందువాళ్ల నుంచి అందిందని ఆయనే అంటాడు. సిలువ జరిగింది 30 ప్రాంతంలో. అంటే సిలువ వేయబడినవాడే మెస్సీయ అనే నమ్మకం మొదటి తరంలోనే, యూదుల మధ్యే గట్టిపడింది.

ఇది పునరుత్థానాన్ని రుజువు చేయదు. వాళ్లు ఏదో చూశామని నిజంగా నమ్మారు అనేంతవరకే చరిత్రకారుడు వెళ్లగలడు. అక్కడి నుంచి ముందుకు వెన్నెలదారి గారు వెళ్తారు, మీరు వెళ్లరు.

నిదానం
ఇప్పుడు కాస్త దారి కనిపిస్తోంది. అయితే 'లేఖనముల ప్రకారము' అన్నచోట మళ్లీ ఆగాను. ఏ లేఖనం? ఇతరుల పాపాల కోసం బాధలు పడేవాడి గురించిన యెషయా 53 అంటే, అందులో మెస్సీయ అనే మాటే లేదు. 'నా సేవకుడు' అని ఉంది. అదే గ్రంథంలో 41, 44, 49 అధ్యాయాల్లో ఆ సేవకుడు ఇశ్రాయేలు అని సూటిగా చెప్పారు.

తాళపత్రం
ఈ అధ్యాయం మీద నేను చాలాకాలంగా చదువుతున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను.

సేవకుడు అంటే చెదిరిపోయి బాధలు పడిన యూదు జనమే అనే వ్యాఖ్యకి 11వ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషి పేరు ఎక్కువగా చెబుతారు. కానీ అది రాషితో మొదలవలేదు. 3వ శతాబ్దంలో క్రైస్తవ పండితుడు ఓరిగెను, తాను వాదించిన యూదు పండితులు ఈ భాగాన్ని మొత్తం జనానికి అన్వయించారని రాశాడు. కాబట్టి 'క్రైస్తవులకు జవాబు చెప్పలేక మధ్యయుగంలో పుట్టించిన అర్థం' అని కొన్ని ప్రసంగాల్లో వినిపించే మాట నిలవదు.

అదే సమయంలో, యూదులెవరూ ఇక్కడ మెస్సీయను చూడలేదు అనడమూ నిలవదు. యోనాతాను తర్గుము అనే పాత అరామిక్ అనువాదం 52:13 దగ్గర 'నా సేవకుడైన మెస్సీయ' అనే అంటుంది. తమాషా ఏంటంటే, ఆ తర్వాత వచ్చే బాధలన్నిటినీ మెస్సీయ మీద నుంచి తీసి జనం మీద, శత్రు రాజ్యాల మీద పంచేస్తుంది. మహిమ ఆయనకి, గాయాలు వేరేవాళ్లకి. పేతురు అడిగింది కూడా దాదాపు అదే కదా!

అపొస్తలుల కార్యాలు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో కూర్చుని ఇదే భాగం చదువుతూ ఫిలిప్పుని అడుగుతాడు: ప్రవక్త ఎవరి గురించి చెబుతున్నాడు, తన గురించా, వేరొకరి గురించా? రెండు వేల ఏళ్ల చర్చ ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. ఫిలిప్పు ఆ లేఖనం దగ్గర మొదలుపెట్టి యేసు గురించి చెప్పాడు. వచన వచనానికీ రుజువు చూపించాడని లూకా రాయలేదు.

యూదు పక్షం నుంచి సూటిగా గీత గీసినవాడు 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడెస్. దావీదు వంశపు రాజు ధర్మశాస్త్రం పాటించి, జనాన్ని దాని దారిలో నడిపి, యెహోవా యుద్ధాలు చేస్తే మెస్సీయ కావచ్చని అనుకోవచ్చు. గెలిచి, దేవాలయం దాని స్థలంలో కట్టి, చెదిరినవారిని సమకూర్చితే ఆయనే మెస్సీయ. అంతవరకు రాలేక చంపబడితే, వాగ్దానం చేసినవాడు అతను కాదు. నిదానం గారి మొదటి ప్రశ్నకి యూదు సమాధానం ఇదే, ఇందులో తిరకాసు ఏమీ లేదు. పని పూర్తయితేనే పేరు.

చుక్కాని (మోడరేటర్)
మధ్యలో రెండు పోస్టులు తీసేశాను. 'యూదులు గుడ్డివాళ్లు' అనే ధోరణి ఇక్కడ వద్దు. మతం మార్చుకోమని పిలిచే పోస్టు కూడా తీసేశాను. చర్చ బాగా నడుస్తోంది, కొనసాగించండి.

కొత్తచూపు
అన్నీ చదువుతున్నాను, చిన్న డౌట్. మెస్సీయ అంటే దేవుడు అనేనా అర్థం? మా ఫ్రెండ్స్ ఇద్దరూ దాన్ని ఒకటిగానే వాడతారు.

తాళపత్రం
కాదండీ. యూదు ఆశల్లో మెస్సీయ మనిషే. ఖురాన్ కూడా ఈసాను (యేసును) మసీహ్, అంటే మెస్సీయ అంటుంది, దైవత్వం మాత్రం ఒప్పుకోదు. కాబట్టి ఈ రెండు మాటలూ వేరు వేరుగా నిలబడగలవు.

వెన్నెలదారి
క్రైస్తవంలో అవి రెండూ ఒకే వ్యక్తిలో కలిశాయి, ఎలా కలిశాయో చూస్తే బాగుంటుంది. 2వ కీర్తనలో దావీదు వంశపు రాజునే దేవుడు 'నీవు నా కుమారుడవు' అంటాడు. అక్కడ కుమారుడు అంటే సింహాసనం ఎక్కిన రాజు. ఇక 110వ కీర్తన. దాన్ని చూపించి యేసే దేవాలయంలో అడుగుతాడు, మార్కు 12లో: దావీదు తానే ఆయనను ప్రభువు అంటుంటే, ఆయన దావీదుకి కుమారుడు ఎలా అవుతాడు? జవాబు చెప్పకుండా వదిలేస్తాడు. ప్రధానయాజకుడు 'నీవు క్రీస్తువా' అని అడిగినప్పుడు అవునని, ఆ వెంటనే దానియేలు 7లోని మేఘాలనీ, 110వ కీర్తనలో దేవుని కుడిపార్శ్వాన కూర్చోవడాన్నీ తనకి కలిపి చెబుతాడు. ప్రధానయాజకుడు బట్టలు చింపుకున్నది ఆ మాట విన్నాకే. వట్టి మెస్సీయనని చెప్పుకోవడం దైవదూషణ కాదు కదా.

పౌలు రోమీయులకు రాస్తూ మొదట్లోనే రెండూ పెడతాడు: శరీరాన్ని బట్టి దావీదు సంతానం, పునరుత్థానం వల్ల దేవుని కుమారుడని ప్రభావంతో నిరూపించబడినవాడు. 325లో నీకయ పట్టణంలో జరిగిన సభలో క్రైస్తవ సంఘం వాదించుకున్నది ఆ కుమారత్వం ఎలాంటిది అన్నదాని మీద. మెస్సీయా కాదా అన్న చర్చ అక్కడ లేదు, అది ఎప్పుడో తేలిపోయింది.

ప్రశ్నార్థకం
నాకు ఇంకొకటి కొరుకుడు పడదు. అంత ముఖ్యమైతే ఎవరికీ చెప్పొద్దని ఎందుకు ఆజ్ఞాపిస్తాడు? మార్కులో దయ్యాలకీ నోరు మూయిస్తాడు, పేతురుకీ అదే. 1901లో వ్రేదె అనే జర్మన్ పండితుడు, యేసు తనను మెస్సీయగా చెప్పుకోలేదు, ఆ లోటు కప్పడానికి ఈ రహస్యం కథనంలోకి వచ్చింది అన్నాడు.

పాతమెట్లు
వ్రేదె వేసిన ప్రశ్న ఇప్పటికీ బతికే ఉంది, ఆయన ఇచ్చిన జవాబుకి ఆదరణ తగ్గింది. సిలువ మీద పెట్టిన నేరం 'యూదుల రాజు'. తర్వాతి క్రైస్తవులు తమంతట తాము పెట్టుకునే బిరుదు కాదు అది, రోమాతో తంటా తెచ్చిపెట్టేది. ఆయన బతికుండగా ఎవరూ మెస్సీయ అనకపోతే ఆ నేరం ఎక్కడి నుంచి వచ్చింది? నా మటుకు నాకు, ఆ మాట బయట తిరుగుతోంది, అది ఏ అర్థంతో తిరుగుతోందో ఆయనకి నచ్చలేదు అనుకుంటే మౌనం అర్థమవుతుంది.

నిదానం
సరే, చివరికి నా మొదటి ప్రశ్న మిగిలింది. నాగటి నక్కులు. పాపం మీద గెలిచాడు అంటే నమ్మేవాళ్లు నమ్ముతారు, కంటికి కనిపించేది కాదు. కంటికి కనిపించాల్సినవన్నీ యేసు మళ్లీ వచ్చే రెండవ రాకడకి వాయిదా వేశారు. ఇది మైమోనిడెస్ ముందు నిలుస్తుందా?

వెన్నెలదారి
ఆయన కొలత ముందు నిలవదు. నిలవాలని నేను ఆశించను కూడా. పని పూర్తయ్యాకే పేరు అన్నది ఆయన నియమం. క్రైస్తవుడు చెప్పేది పని మొదలైంది, చేసేవాడు ఎవరో తెలిసింది అని.

'వాయిదా' అన్న మాట మీద మాత్రం నాకు అభ్యంతరం ఉంది. అది తర్వాత అతికించిన మాట కాదు. పునరుత్థానం తర్వాత శిష్యులు అడిగే ప్రశ్న చూడండి, అపొస్తలుల కార్యాలు 1లో: ఇప్పుడు ఇశ్రాయేలుకి రాజ్యం మళ్లీ ఇస్తావా? ఆ ఆశ తప్పని యేసు అనడు. కాలాలు తెలుసుకోవడం మీ పని కాదంటాడు, సాక్షులుగా ఉండమంటాడు. పౌలు 1 కొరింథీయులు 15లో ఆయన రాజ్యం చేస్తున్నాడని, శత్రువులందరూ పాదాల కింద పడేవరకు చేయాలని, కడపటి శత్రువు మరణమని రాస్తాడు. ఏలుబడి మొదలైంది, శత్రువు ఇంకా ఉన్నాడు. రెండూ ఒకే వాక్యంలో.

మొదలైంది అనడానికి పాత క్రైస్తవ బోధ మూడు పనులు చూపిస్తుంది: ప్రవక్త, యాజకుడు, రాజు. ప్రొటెస్టెంట్ సంస్కర్త కల్విను దీన్ని పద్ధతిగా రాశాడు, 1563 నాటి హైడెల్బర్గ్ ప్రశ్నోత్తరి (ప్రశ్న, జవాబుల రూపంలో విశ్వాస పాఠం) దాన్ని పాఠంగా నేర్పింది. వీటిలో యాజకత్వం తేలిక కాదు. యేసు యూదా గోత్రం, యాజకులు లేవీ గోత్రం. హెబ్రీయుల పత్రిక ఈ చిక్కుని దాచకుండా తీసుకుని, 110వ కీర్తనలోని మెల్కీసెదెకు (లేవీ గోత్రంవాడు కాని పూర్వకాలపు యాజకుడు) క్రమాన్ని పట్టుకుని అధ్యాయాలకి అధ్యాయాలు వాదిస్తుంది. కుమ్రాన్ వాళ్లు ఇద్దరు అభిషిక్తుల్ని పెట్టుకుని తప్పించుకున్న చిక్కు అది! ఆ ప్రశ్నోత్తరిలో తర్వాతి ప్రశ్న నాకు మరీ ఇష్టం: నిన్ను క్రైస్తవుడని ఎందుకు పిలుస్తారు? ఆయన అభిషేకంలో నాకూ పాలుంది కాబట్టి అని జవాబు. మెస్సీయ పని ఆయనతో ఆగిపోలేదని, నమ్మినవాళ్లు దాంట్లో పనివాళ్లని. యుద్ధాలు చేసిన క్రైస్తవ రాజ్యాలు ఆ జవాబు ముందు తలెత్తుకోలేవు. ఆ విషయంలో నిదానం గారి ఆరోపణ నేను ఒప్పుకుంటాను.

తాళపత్రం
ఒకటి జోడిస్తాను. 2001లో కాథలిక్ సంఘపు పొంటిఫికల్ బైబిల్ కమిషన్ ఒక పత్రం తెచ్చింది. యూదుల మెస్సీయ నిరీక్షణ వ్యర్థం కాదు అని అందులో ఉంది. వాళ్లలాగే మనమూ ఎదురుచూస్తున్నాం, మనకి మాత్రం రాబోయేవాడికి ఇదివరకే వచ్చిన యేసు పోలికలు ఉంటాయి అని సారాంశం. వచ్చేశాడు కాబట్టి ఎదురుచూపు ముగిసింది అని క్రైస్తవ విశ్వాసం కూడా అనదన్నమాట.

ప్రశ్నార్థకం
నేను ఒప్పుకోను, కానీ ఇప్పుడు దేన్ని ఒప్పుకోవట్లేదో స్పష్టంగా తెలుసు. పునరుత్థానం జరగకపోతే ఈ కట్టడం మొత్తం కూలుతుంది. జరిగితే సిలబస్ మార్చారన్న నా మాట కూలుతుంది.

వెన్నెలదారి
పౌలు కూడా దాదాపు అదే అన్నాడు. క్రీస్తు లేపబడకపోతే మీ విశ్వాసం వ్యర్థమే అని.

కొత్తచూపు
మొదటి నుంచి చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టను? మొత్తం బైబిలంటే భయంగా ఉంది.

పాతమెట్లు
2 సమూయేలు 7, తర్వాత 2, 110 కీర్తనలు, యెషయా 11, 52 చివర నుంచి 53 అంతా. ఆ పైన మార్కు 8 నుంచి ఆఖరు వరకు ఒకే కూర్చోడంలో.

ప్రశ్నార్థకం
మార్కుకి ముందు సొలొమోను కీర్తనల్లో 17వది కూడా చదవండి. చిన్నదే. లేకపోతే పేతురు ఎందుకు గద్దించాడో అర్థం కాదు.

చుక్కాని (మోడరేటర్)
బైబిల్లో ప్రకటన గ్రంథం 20వ అధ్యాయంలోని, క్రీస్తు వెయ్యేళ్ల పాలన మీద వచ్చిన ప్రశ్నల్ని వేరే థ్రెడ్‌కి మార్చాను. జస్టిన్ దాన్ని యెరూషలేములో జరిగేదిగా చూశాడు, అగస్టీను ఇప్పటి సంఘకాలంగా చదివాడు. ఆ వాదన అక్కడ చేసుకోండి.